చెలియలికట్ట మీద చెప్పులతో

మైపాడు సముద్రానికి ఎందుకు వెళుతున్నారని నెల్లూరులో ఎవరినైనా అడిగి చూడండి. గాలి కోసమంటారు. కార్తిక పున్నమి స్నానానికంటారు. తాజా చేపల కోసమనేవాళ్ళు కొందరు, పిల్లల పోరు పడలేక అనేవాళ్ళు కొందరు. నేను మాత్రం డాక్టరుగారి చీటీ మీద వెళ్ళాను. మందుల పేర్ల కింద ఆయన ఇంకొక వరుస రాశారు: "రోజూ అరగంట నడక, వారానికి అయిదు రోజులకు తగ్గకుండా." నడవడానికి నెల్లూరులో చోటు లేదా అంటే వున్నది. కాని, తెలిసిన వాళ్ళెవరూ ఎదురుపడి "ఏమండీ, మీక్కూడానా?" అని అడగని చోటు కావలసి వచ్చింది నాకు. అలాంటి చోటు ఊళ్ళో లేదు.

నాకు మధుమేహమని తేలింది కార్తిక మాసంలో. దీపావళి మిఠాయిలు ఇంకా డబ్బాల్లోనే వున్నాయి. రెండు నెలలుగా దాహం, రాత్రిళ్ళు నాలుగుసార్లు లేవడం, క్లాసులో పద్యం చదువుతూ వుంటే చివరి బెంచీ పిల్లల ముఖాలు మసకగా కనిపించడం, ఇవన్నీ వయసు మీద తోసేశాను. తీరా రక్తం పరీక్ష చేయిస్తే పరగడుపున 186, భోజనమయ్యాక 291, మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 8.9. పరగడుపున 126 గాని, ఆ సగటు 6.5 గాని దాటితే మధుమేహమనే లెక్క. నేను గీత మీద లేను, గీత దాటి చాలా దూరం వచ్చేశాను.

ఆ కాగితం ఇంట్లో ఎవరికీ చూపించలేదు. మూడు రోజులు దాన్ని భారతంలో, విరాట పర్వంలో దాచాను. పాండవులు అజ్ఞాతవాసం చేసిన చోటే నా రిపోర్టూ అజ్ఞాతవాసం చేసింది. కాని వాళ్ళకు ఏడాది గడిచింది, నాకు మూడు రోజులే. మా ఆవిడ పుస్తకాలు దులుపుతూ కాగితం చూసింది. ఏమీ అనలేదు. డాక్టరు రాసిన చీటీ ఏదని మాత్రం అడిగింది.

ఎందుకు దాచానో చెప్పాలి. సిగ్గు కొంత, సిగ్గుకంటే భయం ఎక్కువ. ఆ భయానికి మైపాడుతో సంబంధం వున్నది.

మా నాయన ఎలిమెంటరీ స్కూలు మేష్టరు. ఆయనకూ ఈ జబ్బే. ఆదివారం వస్తే నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని మైపాడు తీసుకుపోయేవాడు. చెప్పులు సైకిలుకు తగిలించి, ఉత్త కాళ్ళతో ఇసుకలో నడిచేవాడు. సముద్రం దగ్గర చెప్పులేసుకుంటే గుళ్ళో వేసుకున్నట్టేనని ఆయన నమ్మకం. నేను పెద్దవాణ్ణయి ఉద్యోగంలో చేరాక ఒక ఆదివారం అలాగే నడుస్తూ వుంటే ఆల్చిప్ప పెంకు కాలి వేలు కోసింది. ఆయనకు తెలియలేదు. తెలియకపోవడమే ఈ జబ్బు చేసే పెద్ద మోసం. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా వుంటే కాళ్ళలో నరాలు మొద్దుబారతాయి, రక్తం పారడం తగ్గుతుంది. గాయం నొప్పి పెట్టదు, త్వరగా మానదు. అయిదో రోజున మా అమ్మ చాప మీద మరక చూసి కాలు పట్టి చూసింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ముందు రెండు వేళ్ళు తీసేశారు, తరువాత మోకాలి కింది దాకా. ఆపైన ఆయన నాలుగేళ్ళు బతికాడు గాని మళ్ళీ సముద్రం చూడలేదు. తీసుకువెళతానంటే, "ఎట్టా నడిచేది అబ్బయ్యా?" అనేవాడు.

అందుచేత డాక్టరుగారు నడవమన్నప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది మైపాడే. వెళ్ళకూడదనుకున్నదీ అక్కడికే.

* * *

వెళ్ళకముందే ఇంట్లో నా పేరు మారిపోయింది. బంధువులు ఫోను చేస్తే "సారు బాగున్నారా?" అనడం మాని "షుగరెంత వుంది?" అని అడగసాగారు. ఇంటి కొచ్చిన ప్రతి ఒక్కరూ వైద్యులే. ఒకరు కాకర రసమన్నారు, ఒకరు నానబెట్టిన మెంతులన్నారు, ఇంకొకరు నేరేడు గింజల పొడి అన్నారు. "పంచదార మానేసి తాటిబెల్లం వాడండి, అది ఏమీ చెయ్యదు" అని ఒక పెద్దమనిషి ధైర్యం చెప్పాడు. తాటిబెల్లమైనా, చెరకు బెల్లమైనా, తేనె అయినా రక్తంలోకి వెళ్ళాక చక్కెరే. అది అక్కడ కులగోత్రాలు చెప్పుకోదు.

మన పూర్వులకు ఈ జబ్బు కొత్త కాదు. చరక సుశ్రుతులు దీన్ని ప్రమేహాల్లో చేర్చి, మూత్రం తేనెలా వుంటుందనీ, చీమలు చేరతాయనీ గమనించారు. అందుకే మధుమేహమన్నారు. ఇంత తియ్యని పేరు ఇంకే జబ్బుకూ లేదు. తెలుగు నోటికి అది పెద్దదై "చక్కెర జబ్బు" అయింది, తరువాత "షుగరు" అయింది. భారత వైద్య పరిశోధన మండలి వారు దేశమంతటా చేయించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి ఈ జబ్బు వున్నదనీ, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మం దగ్గర నిలబడి వున్నారనీ లెక్క తేలింది. ఇంత పెద్ద గుంపులో నేనొకణ్ణి. గుంపు పెద్దదని చెబితే బాధ తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు.

అసలు బాధ అన్నం దగ్గర వచ్చింది. మాది నెల్లూరు. మొలగొలుకుల పేరు చెప్పుకుని బతికిన ఊరు. పెళ్ళిచూపుల్లో కూడా పిల్ల తరువాత బియ్యం సంగతే మాట్లాడతాం. అలాంటి ఊళ్ళో మా ఆవిడ ఒక స్టీలు గిన్నె తెచ్చి, "ఇంతే" అన్నది. కంచంలో సగం కూరలూ ఆకుకూరలూ, పావు భాగం పప్పో చేపో గుడ్డో, మిగిలిన పావు భాగం అన్నం. అది డాక్టరుగారు గీసిచ్చిన బొమ్మ. "సజ్జ సంగటి తింటాను, అది మంచిదేగా?" అని బేరం పెట్టాను. మంచిదేనట. తెల్లగా మరపట్టిన బియ్యం కంటే నెమ్మదిగా అరుగుతుంది. కాని ముద్ద తలకాయంత అయితే సజ్జలైనా, కొర్రలైనా ఫలితం ఒకటేనట. మలై కాజా సంగతి నేను ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. ఆ వీధిన పోవలసి వస్తే ఇద్దరం అవతలి పక్కకు చూస్తూ నడిచేవాళ్ళం.

దానితో నాకు పౌరుషం వచ్చింది. పావు వంతు అన్నమేమిటి, అసలే మానేస్తాను, వారంలో జబ్బును ఊరు దాటిస్తాను అనుకున్నాను. ఆ పౌరుషంలోనే ఒక ఆదివారం తెల్లవారకముందే మాత్ర వేసుకుని, ఫలహారం చెయ్యకుండా, ఇంట్లో వాళ్ళను లేపకుండా మైపాడు బయలుదేరాను. ఆ మాత్రను తిండి ముందు వేసుకోవాలనీ, వేసుకున్నాక తినకుండా వుండకూడదనీ డాక్టరుగారు చెప్పే వున్నారు. పాఠం చెప్పే అలవాటున్న వాడికి పాఠం వినే అలవాటు తక్కువ.

* * *

నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్ల లోపే. పెన్న ఒడ్డున రంగనాయకుల గోపురం మసక చీకట్లో కనిపిస్తూ వుంటే, ఎప్పటిలాగే తిక్కన గుర్తుకు వచ్చాడు. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి దగ్గర మంత్రిగా వుండి, విరాట పర్వం మొదలు పదిహేను పర్వాల భారతాన్ని తెలుగు చేసినవాడు ఈ ఊరివాడే. ఇరవై ఏళ్ళుగా నేను క్లాసులో చెప్పేది ఒకటే: తిక్కన గొప్ప అంతా పొదుపులో వున్నది, పది మాటలు కావలసిన చోట మూడు మాటలతో పని జరిపిస్తాడు. పొదుపంటే లేమి కాదు, ఎంత కావాలో తెలిసి వుండడం. ఈ మాట ఇన్నేళ్ళు పిల్లల చేత పరీక్షల్లో రాయించాను గాని, కంచం ముందు కూర్చున్నప్పుడు నాకు వర్తిస్తుందని తోచలేదు.

ఇందుకూరుపేట దారిలో ఇరుపక్కలా వరి. కాస్త పక్కకు మళ్ళితే పల్లిపాడు, పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం. పొణకా కనకమ్మగారు భూమి ఇస్తే, 1921 ఏప్రిల్ 7న గాంధీగారు వచ్చి ఆశ్రమాన్ని ప్రారంభించారు. అప్పటికి ఆరేళ్ళ కిందటే, 1915లో, హరిద్వార కుంభమేళాలో ఆయన రోజుకు అయిదు పదార్థాలకు మించి తిననని, పొద్దు గూకాక భోజనం చెయ్యనని వ్రతం పట్టారు. నడకలో ఆయనతో పోటీ పడగలిగినవాడు లేడు. ఇదంతా తలచుకుని ఆ ఉదయం నేను ఉత్త కడుపుతో గర్వపడ్డాను.

ఆ 1921వ సంవత్సరానికి ఇంకొక విశేషం వున్నది. ఆ వేసవిలోనే సముద్రాలకు అవతల, కెనడాలోని టొరాంటోలో, బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు చిన్నవాళ్ళు కుక్కల మీద ప్రయోగాలు చేసి ఇన్సులిన్‌ను పట్టుకున్నారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రవాడికి మొదటిసారి దాన్ని సూది ద్వారా ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలకు వైద్యమంటే ఆకలితో మాడ్చడమే. మాడ్చితే కొన్నాళ్ళు ఎక్కువ బతికేవాళ్ళు, అంతే. ఆ కుర్రవాడు ఆ తరువాత పదమూడేళ్ళు బతికాడు. మందు దొరికాక కూడా కడుపు మాడ్చుకోవడం వైద్యమనుకున్న మూర్ఖుణ్ణి ఆ దారిలో ఆ రోజు నేనొక్కణ్ణే అయివుంటాను.

వరి అయిపోయాక రొయ్యల గుంటలు మొదలవుతాయి. నీటిలో తెడ్ల చక్రాలు తిరుగుతూ, నురగ చిమ్ముతూ వుంటాయి. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు గుంట గట్టు మీద కనిపించి పలకరించాడు. రాత్రంతా నిద్ర లేదట. నీటిలో ప్రాణవాయువు ఎంతుందో తెల్లవారుజామున కొలవాలట, ఉప్పదనం కొలవాలట. "ఒక్క పూట చూడకపోతే ఏమవుతుందిరా?" అంటే నవ్వి, "పంట పోతుంది సార్" అన్నాడు. వాడి మాట నాకు తగిలింది. గుంటలో నీళ్ళను రోజూ కొలిచేవాడికి సిగ్గు లేదు. నా ఒంట్లో రక్తాన్ని కొలుచుకోవడానికి నాకెందుకు? పరీక్ష చేసే చిన్న మిషను కొని పది రోజులయినా దాని అట్టపెట్టె విప్పలేదు నేను.

సముద్రానికి ముందు బకింగ్‌హాము కాలువ వస్తుంది. ఒకప్పుడు కాకినాడ నుంచి మద్రాసు దాకా ఉప్పూ, కట్టెలూ, ధాన్యమూ పడవల మీద పోయిన దారి ఇది. కాలువను ముక్కలు ముక్కలుగా ఏళ్ళ తరబడి తవ్వారు. జనం ధాత కరువని చెప్పుకునే 1876–78 కరువులో, తిండి లేని వాళ్ళ చేత కూలికి మద్రాసు నగరంలోని ముక్కను తవ్వించారు. అప్పటి గవర్నరు పేరే కాలువకు వచ్చింది. వంతెన మీద ఆగి ఆ ఆకుపచ్చ నీళ్ళు చూశాను. మన ముత్తాతలు పిడికెడు గింజల కోసం మట్టి మోశారు. మనం అదే గింజల్ని ఎంతలో ఆపుకోవాలో తెలియక డాక్టరు దగ్గరికి పోతున్నాం.

* * *

సరుగుడు తోట దాటగానే గాలి మొహాన కొట్టింది. చాలా ఏళ్ళ తరువాత చూశాను మైపాడు సముద్రాన్ని. ఇసుక అంతే వున్నది. పడవలు మారాయి. చిన్నప్పుడు చూసిన కొయ్య తెప్పలకు బదులు మోటారు బిగించిన ఫైబరు పడవలు వరుసగా ముక్కులు పైకెత్తి వున్నాయి. పట్టపు పల్లెకారులు వలలు దులుపుతున్నారు.

చెప్పులు విప్పబోయి ఆగాను. ఎదురుగా ఇసుకలో పెంకులు మెరుస్తున్నాయి. విప్పితే నాయన కోపం లేదు, విప్పకపోతే డాక్టరు కోపం లేదు. కాసేపు అలా నిలబడి, చెప్పులతోనే దిగాను. గుళ్ళోకి చెప్పులతో పోతున్నట్టు మనసు పీకింది. ఆ పీకుడు మరిచిపోవడానికి గబగబా నడిచాను. అరగంట నడవవలసింది ముప్పావుగంట నడిచాను.

ముందు చేతులు వణికాయి. గాలికి అనుకున్నాను. చెమట పట్టింది. అంత చల్ల గాలిలో చెమటేమిటని తోచలేదు. గుండె దడదడలాడింది, సముద్రం రెండుగా కనిపించింది. ఒడ్డున వున్న టీ బంకు దాకా ఎలాగో వచ్చి బల్ల మీద కూలబడ్డాను.

"ఏందబ్బయ్యా, అట్టా చెమటలు పోస్తుండాయి? ఏమన్నా తిన్నావా లేదా?" అన్నది బంకు అవ్వ.

పక్కన వల బాగు చేసుకుంటున్న ముసలాయన లేచి వచ్చి నా చెయ్యి పట్టి చూశాడు. "సారుకి చెక్కెర పడిపోయుండాది. టీలో నాలుగు చెంచాలెయ్యి, తొందరగా" అన్నాడు.

"వద్దు, నాకు చక్కెర జబ్బు" అన్నాను. మాట ముద్దగా వచ్చింది.

"ఆ జబ్బుండాదనే గదా తాగమంటుండేది!" అని గ్లాసు నోటికి పెట్టాడు.

ఆ టీ వంటి టీ నేను జన్మలో తాగలేదు. పదిహేను నిమిషాలకు సముద్రం మళ్ళీ ఒకటయింది. అవ్వ రెండు ఇడ్లీలు పెట్టి, తినేదాకా ఎదురుగా నిలబడింది. మూడు నెలల సగటు ఎంతో అని దిగులుపడే నాకు, చక్కెర 70 కంటే దిగితే అది కూడా ప్రమాదమే, అప్పుడు చక్కెరే మందు అన్న సంగతి ఒక పల్లెకారు ముసలాయన నేర్పవలసి వచ్చింది. తరువాత డాక్టరుగారికి చెబితే ఆయన నవ్వలేదు. జేబులో ఎప్పుడూ గ్లూకోజు పొట్లమో, నాలుగు చక్కెర బిళ్ళలో వుంచుకోమన్నారు. ఒణుకు, చెమట, దడ వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంట ఆగి, మళ్ళీ పరీక్ష చేసుకోమన్నారు. తగ్గాక ఏదైనా తినాలన్నారు. తెలివి తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పొయ్యకూడదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇవి చదివేవాళ్ళ ఇళ్ళలోనూ ఈ జబ్బు వుండే వుంటుంది గనుక వివరంగా రాస్తున్నాను.

ముసలాయనకు ఈ జబ్బు పన్నెండేళ్ళుగా వున్నదట. లుంగీ అంచున కట్టుకున్న ప్లాస్టిక్ సంచి విప్పి మాత్రలు చూపించాడు. సర్కారు ఆసుపత్రిలో ఇచ్చినవి. ఆ సంచిలోనే మాత్రల పక్కన రెండు చాకొలెట్లు.

"సంద్రంలో వుండంగా పడిపోతే ఎవురిస్తారు?" అన్నాడు. ఆయన కాళ్ళకు రబ్బరు బూట్లు వున్నాయి. పడవ మీదా, ఇసుకలోనూ అవేనట.

నేను నా కాళ్ళ వంక చూసుకుని, మా నాయన సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. మా ఆవిడతో తప్ప ఎవరితోనూ మాట్లాడని సంగతి అది. ఆయన విని కాసేపు ఊరుకున్నాడు.

"సంద్రానికి భయపడితే మాకు కూడు లేదు సార్. అట్టాగని ఎగతాళి చేస్తే మడిసే వుండడు. పొద్దున లేస్తానే గాలి చూస్తాం. నిన్న బాగుండాది గదా అని ఈపొద్దు చూడకుండా పోము. ఇదీ అంతే. రోజూ చూసుకోని పోవడమే."

డాక్టరుగారు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ అరగంట చెప్పినదాన్ని ఆయన ఒక్క గుక్కలో చెప్పాడు. నేను ఇరవై ఏళ్ళు తిక్కన పాఠం చెప్పినా పొదుపుగా మాట్లాడడం రాలేదు. ఆయనకు పాఠం అక్కరలేకపోయింది.

* * *

ఆ రోజు ఇంటికి వచ్చి జరిగినదంతా మా ఆవిడకు చెప్పాను. ఈసారి ఏదీ దాచలేదు. ఆవిడకు మొదట కోపం వచ్చింది, తరువాత ఏడుపు వచ్చింది, ఆ తరువాత లోపలికి వెళ్ళి నా ఫలహారం గంట ముందుకు జరిపింది.

అప్పటి నుంచి మా ఇంటి దినచర్యకు ఒక రూపం వచ్చింది. మిషను అట్టపెట్టె విప్పాం. వేలి చివర సూది గుచ్చి బొట్టు రక్తం పెడితే అంకె వస్తుంది. మా అమ్మాయి దాన్ని పాత లెక్కల నోటు పుస్తకంలో, తిన్నదేమిటో పక్కన రాసి, వేసుకుంటుంది. నెల తిరిగేసరికి ఆ పుస్తకం మాకు చాలా సంగతులు చెప్పింది. అన్నం కంటే ముందు కూర తింటే అంకె తక్కువగా వస్తున్నదని, భోజనమయ్యాక పడక కుర్చీలో వాలకుండా వీధి చివరి దాకా పోయి వస్తే ఇంకా తగ్గుతున్నదని తెలిసింది. చేపల పులుసు నా శత్రువు కాదనీ, దాని కోసం రెండోసారి వడ్డించుకునే అన్నమే శత్రువనీ తెలిసింది. నెల్లూరి వాడికి ఇది ఎంత పెద్ద శుభవార్తో ఇతర జిల్లాల వాళ్ళకు అర్థం కాదు. మామిడికాయ ముక్కలు వేసిన పులుసు నిన్నటిది, గిన్నెడు అన్నం, కంచం నిండా బీరకాయ కూర: ఇది శిక్ష అంటే నేనొప్పుకోను.

రాత్రి పడుకోబోయే ముందు పాదాల పరీక్ష. నీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడిచి, కింద అద్దం పెట్టి అరికాలు చూసుకోవాలి. చెప్పుల్లో రాయి, ముల్లు వున్నాయేమో చేత్తో తడిమి చూడాలి. మొదటి రోజు మా అమ్మ వచ్చి, అద్దం పట్టుకుని కూర్చున్న నన్ను చూసింది. ఏమీ మాట్లాడకుండా అద్దం తన చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, నా పాదం ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క వేలే చూసింది. "మీ నాయన కాలు కూడా ఇట్టా చూడాలని అప్పుడు మాకెవురూ చెప్పలా అబ్బయ్యా" అన్నది. ఆ తరువాత ఆ పని ఆవిడదే అయింది. డెబ్బయి దాటిన తల్లి చేత కాళ్ళు పట్టించుకోవడం తప్పని నాకు తెలుసు. వద్దనడం ఇంకా పెద్ద తప్పని కూడా తెలుసు.

ఈ యేడు మొహర్రం నెలలో మా ఆవిడ నన్ను స్వర్ణాల చెరువుకు తీసుకువెళ్ళింది. నెల్లూరి రొట్టెల పండుగ చూడని వాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. పన్నెండుగురు అమరుల సమాధులున్న బారా షహీద్ దర్గా ఆ చెరువు గట్టునే వున్నది. నిరుడు కోరిక తీరినవాళ్ళు రొట్టెలు తెచ్చి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, అదే కోరిక వున్నవాళ్ళకు ఇస్తారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె, సొంత ఇంటి రొట్టె, అన్నీ వుంటాయి. హిందువని, ముస్లిమని ఎవరూ అడగరు. మా ఆవిడ "ఆరోగ్యం రొట్టె! ఆరోగ్యం రొట్టె!" అని కేకవేస్తూ పోతున్న ఒక బురఖా తల్లి దగ్గర ఆగి కొంగు పట్టింది. ఆవిడ నా వైపు చూసి, రొట్టె తుంచి నా చేతిలో పెట్టి, "వచ్చే యేడు నువ్వు తేవాల బిడ్డా" అన్నది.

రొట్టె వల్ల చక్కెర తగ్గుతుందని నేననను. గోధుమ రొట్టెలో పిండిపదార్థం ఎంతుంటుందో నాకిప్పుడు బాగా తెలుసు. ఆ పూట గిన్నెలో అన్నం ఆ మేరకు తగ్గించుకున్నాను కూడా. కాని, నడి చెరువులో వందల మంది మధ్య నిలబడి చెయ్యి చాచి "నాకు ఆరోగ్యం కావాలి" అని పైకి చెప్పినప్పుడు, భారతంలో కాగితం దాచిన మనిషి నాలో ఇక మిగల్లేదు. నన్ను చూసి పలకరించిన తోటి లెక్చరరు కూడా ఆరోగ్యం రొట్టె కోసమే వచ్చాడని తేలింది. ఆయనకు ఆరేళ్ళుగా వున్నదట. ఇద్దరం ఒకే స్టాఫు రూములో, ఒకే బల్ల దగ్గర, ఒకరికొకరు తెలియకుండా చక్కెర లేని కాఫీ తాగుతున్నాం!

* * *

మొన్నటి పరీక్షలో మూడు నెలల సగటు 6.8 వచ్చింది. డాక్టరుగారు ఒక మాత్ర తగ్గించారు. జబ్బు పోయిందని కాదు. అది పోయేది కాదు, ఇంట్లో ఒక మూల వుంటుంది. దానితో మాట పట్టింపులు లేకుండా వుండడమెలాగో నేర్చుకుంటున్నాం.

ఆదివారాలు ఇప్పుడు మైపాడుకు ఇంటిల్లిపాదీ వెళుతున్నాం. ఇంట్లో ఫలహారం చేసి, మాత్ర వేసుకుని, గ్లూకోజు పొట్లం జేబులో పెట్టుకుని మరీ వెళతాను. బంకు అవ్వ నన్ను చూడగానే, "చెక్కెర లేకుండానా, వేసా?" అని అడుగుతుంది. ఏ రోజు ఏది చెప్పాలో నాకు తెలుసు.

సముద్రానికి, నేలకు నడుమ వుండే హద్దును మన భాషలో చెలియలికట్ట అంటారు. అంత నీళ్ళున్న సముద్రం కూడా దాన్ని దాటి రాదని పూర్వులు ఆశ్చర్యపడ్డారు. సముద్రం చిన్నబోయి అక్కడ ఆగిందని ఎవరూ అనుకోరు. ఈ మాట ఈసారి క్లాసులో చెప్పాలని అనుకుంటూ నడుస్తూ వుంటాను.

మా అమ్మను పోయిన ఆదివారం మొదటిసారి తీసుకువెళ్ళాం. నాయన పోయాక ఆవిడ సముద్రం చూడడం అదే. కెరటాలు వచ్చి ఆగే చోట నిలబడి, నా కాళ్ళ వంక చూసింది.

"చెప్పులు తడుస్తాయి" అన్నాను.

"తడవనియ్యి, ఎండుతాయి. విప్పబాక" అన్నది.

ఇంటికి వచ్చాక, చెప్పులు గోడ వారన ఎండబెట్టి, అద్దం తెచ్చుకుని కూర్చుంది.